తడి ఆరని బొమ్మ

దూదిని పుల్ల చివర చుట్టేటప్పుడు దైవాశీర్వాదం ఊపిరి బిగబట్టేవాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పుల్ల రెండు చుట్లు తిరిగేసరికి దూది బియ్యపుగింజంత కావాలి. లావైతే రంగు గీత దాటుతుంది. మరీ పలచనైతే పుల్ల కొస కాగితాన్ని గీరుతుంది. ఆ శుక్రవారం పొద్దున పది గంటలకల్లా అటువంటి పుల్లలు పన్నెండు చుట్టి, ఎడమచేతివైపు వరసగా పేర్చుకున్నాడు.

యాభై ఎనిమిదేళ్ళవాడు. పొడగరి, సన్నం. రెండు స్వెట్టర్లు వేసుకుని వాటిమీద రంగు మరకల ఏప్రాన్ కట్టుకున్నా అతని భుజాల ఎముకలు గుడ్డలోంచి కనిపిస్తూనే ఉండేవి. తలకి కొబ్బరినూనె రాసి వెనక్కి దువ్వేవాడు. ఆ నూనె వాసనా టర్పెంటైన్ వాసనా కలిసి ఆ వెనకగదికి ఒక ప్రత్యేకమైన వాసన వచ్చింది. తొమ్మిదేళ్ళుగా ఆ గదిలో పనిచేస్తున్నది అతనొక్కడే.

ఫొటో స్టూడియో అమెరికాలో ట్రాయ్ అనే ఊరికి ఇరవై నిమిషాల దూరంలో, చెప్పుల దుకాణానికీ చాకలి యంత్రాల కొట్టుకీ మధ్య ఉండేది. యజమాని వాల్ట్ ముందుగదిలో స్కూలు పిల్లలకీ, పెళ్ళివాళ్ళకీ రంగు ఫొటోలు తీసేవాడు. ఎవరైనా పాత నలుపు తెలుపు ఫొటో తెచ్చి పెద్దది చేసి రంగు వెయ్యమంటే అది వెనకగదికి వచ్చేది. మొదట్లో వారానికి పదీ పన్నెండూ వచ్చేవి. ఈ ఏడాది జనవరి మొత్తానికి మూడే వచ్చాయి. కార్ల ఫాక్టరీల్లో మనుషుల్ని తీసేస్తున్నారు, తాతగారి బుగ్గలకు రంగు వేయించుకునే తీరిక ఎవరికుంది? "ఇదే చివరిది డేవ్," అని వాల్ట్ సోమవారం కవరు ఇస్తూ చెప్పాడు. దైవాశీర్వాదం అన్న పేరు వాల్ట్ నోట మొదటిరోజే డేవ్ అయిపోయింది. "శుక్రవారం నాలుగింటికి ఆవిడ వస్తుంది. మంచిగా చెయ్యి."

కవరులో ఉన్నది అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద ఫొటో. మూలలు అరిగి గుండ్రంగా అయ్యాయి. మధ్యలో మడత, ఆ మడత సరిగ్గా పసిబిడ్డ చెంపమీదుగా పోయింది. తెల్లని గుడ్డలో చుట్టిన బిడ్డ, నుదుటిమీద నల్లని తడి జుట్టు, మూసిన కళ్ళు. కవరుమీద వాల్ట్ రాసిన వివరాలున్నాయి. పేరు: మిసెస్ రొమానో. జుట్టు: నలుపు. గుడ్డ: తెలుపు. కళ్ళు అన్నచోట ఏమీ రాయలేదు.

ఆ బిడ్డ నిద్రపోవడం లేదని దైవాశీర్వాదానికి మొదటిచూపులోనే తెలిసింది. నిద్రపోయే బిడ్డకి పెదవులు కొంచెం ముందుకు వస్తాయి. ఈ పెదవులు ఆ పని చెయ్యలేదు. అమెరికా రాకముందు భీమవరంలో ఇరవై మూడేళ్ళు స్టూడియోలో టచింగ్ పనిచేసిన మనిషి అతను. ఎవరింట్లోనైనా మనిషి పోతే, బతికుండగా ఒక్క ఫొటో కూడా తీయించలేదని అప్పుడు గుర్తొచ్చేది. గోడకి ఆనించి కూర్చోబెట్టి ఫొటో తీయించి స్టూడియోకి పట్టుకొచ్చేవాళ్ళు. ముక్కులో దూదీ, దవడకి కట్టిన గుడ్డా తుడిచెయ్యాలి. చొక్కా లేనివాడికి చొక్కా వెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, కళ్ళు తెరిపించాలి. కళ్ళు మూసిన బొమ్మని ఏ ఇంట్లోనూ గోడకి తగిలించరు. ఆ పని అతనిలా చేసేవాడు పశ్చిమగోదావరి జిల్లాలో లేడని పేరుండేది. ఆకివీడు నుంచీ, నరసాపురం నుంచీ వచ్చేవాళ్ళు. కొడుకు ముక్కూ, కూతురు నుదురూ చూసి, చచ్చిపోయినవాడి చూపు ఎలా ఉండేదో ఊహించి వేసేవాడు. "అచ్చం మా నాన్నేనండీ" అని అక్కడే బావురుమన్నవాళ్ళు ఎంతమందో. ఏడ్చాక మళ్ళీ బేరమాడేవాళ్ళు, అది వేరు.

కనుక ఈ బిడ్డకి కూడా తెరిపించాడు. రెండు రోజులు పట్టింది. పెద్దది చేసిన కాగితంమీద సన్నకుంచెతో రెప్పలు ఎత్తాడు, తెల్లగుడ్డు వేశాడు. కవరుమీద కళ్ళ రంగు రాయనందుకు కొంచెం విసుక్కున్నాడు కానీ, తొమ్మిదేళ్ళలో అతను రంగువేసిన అమెరికా పసిపిల్లలందరివీ నీలం కళ్ళే, ఇదీ అంతే అనుకున్నాడు. ఇప్పుడు మిగిలింది ఒక్క తెల్ల చుక్క. కనుపాపలో పైన కుడివైపు ఆవగింజలో సగమంత. ఆ చుక్క పడేదాకా బొమ్మ గుడ్డిది. చుక్క పడిందో, ఇటే చూస్తుంది.

రెండు చుక్కలూ పెట్టి వెనక్కి వాలాడు. బిడ్డ అతన్ని చూసింది.

సరిగ్గా అప్పుడే వాల్ట్ కాఫీ కప్పుతో లోపలికొచ్చాడు. బల్లదాకా రాకుండానే ఆగిపోయాడు.

"ఇదేమిటి?"

"అయిపోయింది. ఆరడమే."

"కళ్ళు ఎక్కడివి?"

"మూసి ఉన్నాయి కదా," అన్నాడు దైవాశీర్వాదం. అది చాలిన జవాబనే అనుకున్నాడు.

వాల్ట్ లావుపాటి మనిషి, గట్టిగా మాట్లాడే అలవాటు. కానీ అప్పుడు నెమ్మదిగా మాట్లాడాడు. "డేవ్. ఆ బిడ్డ చచ్చి పుట్టింది. ముప్పై నాలుగేళ్ళ కిందట. ఆవిడ తన బిడ్డ ఫొటో పెద్దది చెయ్యమంది. నువ్వు ఇంకో బిడ్డని చేశావు." కప్పు బల్లమీద పెట్టాడు. "ఇది చూస్తే ఆవిడ ఇక్కడే పడిపోతుంది. నాలుగింటికి వస్తుంది. నేను మళ్ళీ ప్రింటు వేసిస్తాను. ఉన్నది ఉన్నట్టు రంగు వెయ్యి. చాలు. దీన్ని పారెయ్యి."

వాల్ట్ డార్క్ రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

దైవాశీర్వాదం చాలాసేపు చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంటూ కూర్చున్నాడు. చేతులకి రంగేమీ లేదు. తొమ్మిదేళ్ళలో వాల్ట్ అతని పనిని తప్పుపట్టడం ఇదే మొదలు, అదీ చివరి పనికి. కానీ అతన్ని పొడుస్తున్నది అది కాదు. ఎవరో ముఖం తెలియని తల్లి నాలుగు గంటలకి వస్తుంది, ఆమెకి తాను ఎంత నొప్పి చేసి ఉండేవాడో అని.

పన్నెండున్నరకి ఇంటికి ఫోన్ చేశాడు. అతని భార్య నవోమి మధ్యాహ్నం మూడింటినుంచి రాత్రి పదకొండుదాకా ఆస్పత్రిలో, ప్రసూతి వార్డులో. అతను తొమ్మిదినుంచి ఆరుదాకా ఇక్కడ. మొగుడూ పెళ్ళాలు మెలకువతో ఒకరినొకరు చూసుకునేది శని ఆదివారాలే. నర్సు ఉద్యోగం ఆమెది, వీసా ఆమెది, ఇల్లు ఆమె జీతంతో కొన్నది. తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర ఇంజనీరు జోసఫ్ ప్రతి ఆదివారం ఒకే జోకు వేసేవాడు: "ఆశీర్వాదం బావా, అక్క డాలర్లు తెస్తుంది, నువ్వు వాటికి రంగులేస్తావా ఏంటి?" అందరూ నవ్వేవాళ్ళు, దైవాశీర్వాదం కూడా.

"ఏమండీ, తిన్నారా?" అంది నవోమి, నిద్ర గొంతుతో.

"తింటాన్లే. నవోమీ, మీ వార్డులో పురిట్లోనే పోయిన పిల్లలకి ఫొటో తీస్తారా?"

"తీస్తాం. ఇప్పుడు మా సూపర్‌వైజర్ తియ్యమంటుంది. ఎందుకు?"

"కళ్ళు?"

"మూసే ఉంటాయి. ఏంటండీ పొద్దున్నే ఈ మాటలు?"

"పన్నెండున్నరయింది."

"నాకు పొద్దునేగా."

అతను చెప్పాడు. నవోమి వింది. ఫోన్‌లో కుళాయి చప్పుడు ఆగిపోయింది.

"దేవుడు చెయ్యని పని మీరెందుకు చేశారండీ," అంది చివరికి. కోపంగా అనలేదు. తరవాత, "ఇక్కడి తల్లులు ఎలా రియాక్ట్ అవుతారో మీకు తెలీదు. వాళ్ళు బయటికి ఏడవరు. అదే భయం. ఆవిడకి చూపించకండి. ఫ్రిజ్‌లో పప్పుచారు పెట్టాను, వేడి చేసుకోండి రాత్రికి," అంది.

"సరే."

"ఇంక సోమవారం నుంచి ఏం చేస్తారు?"

"చూద్దాం."

"జోసఫ్ వాళ్ళ ఆఫీస్‌లో డ్రాయింగులు ఫైల్ చేసే పని ఉందన్నాడు. అడగనా?"

"చూద్దాం నవోమీ," అని పెట్టేశాడు.

కొత్త ప్రింటు ఒంటిగంటకి ఆరింది. రంగు వెయ్యడానికి రెండు గంటలు చాలు. మూసిన రెప్పలమీద పలచని గులాబీ రాసి, దూదితో సగం తుడిచాడు. చెంపమీది మడత మాపాడు, జుట్టుకి నలుపులో చుక్క గోధుమరంగు కలిపాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కళ్ళు మూసిన ముఖానికి రంగు వెయ్యడం అతనికి చేతకాని పనేమీ కాదు. చివర చుక్క పెట్టకుండా కుంచె కింద పెట్టడం మాత్రం, అన్నం తిని చెయ్యి కడుక్కోకుండా లేచినట్టుగా ఉంది.

పని చేస్తూ సరోజగారి హాలు గుర్తుచేసుకున్నాడు. రెండేళ్ళకిందట చర్చి సేల్‌లో తన సొంత బొమ్మలు నాలుగు పెట్టాడు. ఉండి దగ్గర కాలవ, గట్టుమీద గేదెలు, అటువంటివి. డాక్టర్ అచ్యుతరావుగారి భార్య సరోజ, స్నేహితులెవరో పిలిస్తే వచ్చి, ఒకటి కొన్నది. బేరమే ఆడలేదు. ఆ వారమంతా అతను నేలమీద నడవలేదు. క్రిస్మస్‌కి వాళ్ళింటికి భోజనానికి వెళ్తే ఆ బొమ్మ ఫ్రేము గోడమీద కనిపించింది. అందులో వాళ్ళ అమ్మాయి గ్రాడ్యుయేషన్ ఫొటో ఉంది. "ఈ ఫ్రేము భలే దొరికిందండీ, బయట ఇలాంటిది ఎక్కడా లేదు," అంది సరోజ, పులిహోర వడ్డిస్తూ. ఆవిడ మంచి మనిషి. ఆ ఫ్రేము తానే చేశాడు కనుక అతనికి ఏదో ఒకటి మిగిలింది. బొమ్మ ఏమైందని అడగలేదు.

మూడూ ముప్పావుకి రెండో బొమ్మ పూర్తయింది. మొదటిదాన్ని పారెయ్యడానికి చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని, ఆరబెట్టే చట్రంలో పై అరలో పెట్టాడు. కనీసం బోర్లా పెట్టాల్సింది. కానీ తడి ఆరని బొమ్మని బోర్లా పెట్టకూడదని పద్నాలుగో ఏట గురువు దగ్గర నేర్చిన మొదటి పాఠం, చెయ్యి దాన్ని దాటి పోలేదు.

నాలుగింటికి ముందు గది గంట మోగింది. వాల్ట్ గొంతు, ఆడమనిషి గొంతు. కొంతసేపు మంచు గురించీ రోడ్ల గురించీ మాట్లాడుకున్నారు. తరవాత వాల్ట్ లోపలికొచ్చి రెండో బొమ్మని రెండు చేతులతో పట్టుకుని తీసుకెళ్ళాడు. దైవాశీర్వాదం లేచి నిలబడ్డాడు.

"ఇంకా తడిగా ఉంది," అంటున్నాడు వాల్ట్. "పది నిమిషాలు ఆరనివ్వాలి మిసెస్ రొమానో. కాఫీ తాగుతారా?"

"రంగు వేసినతన్ని చూడొచ్చా? థాంక్స్ చెప్తాను."

వాల్ట్ ఏదో అనేలోపే ఆమె గుమ్మంలోకి వచ్చేసింది. అరవై దాటిన మనిషి, పొట్టి. మందమైన ముదురు నీలం కోటు, అంచులనిండా మంచు. స్కూలు కాంటీన్‌లో వడ్డించే పని చేస్తుందని వాల్ట్ చెప్పాడు. ముంజేతులు బలంగా ఉన్నాయి. దైవాశీర్వాదం చెయ్యి చాపాలా, నమస్కారం పెట్టాలా అని తేల్చుకునేలోగా ఆమె అతన్ని దాటి చూస్తోంది. చట్రం పై అరవైపు.

"అదెవరు?" అంది.

వెనకనించి వాల్ట్, "అది వేరే..." అన్నాడు.

"సారీ," అన్నాడు దైవాశీర్వాదం. అబద్ధం చెప్పడానికి కావలసినంత ఇంగ్లీషు అతనికి రాదు. "తప్పు నాది. మీ పాపే. మా ఊళ్ళో తెరుస్తాం."

"ఏం తెరుస్తారు?"

"కళ్ళు. పోయినవాళ్ళకి. గోడమీంచి వాళ్ళు ఇంట్లోవాళ్ళని చూడాలి కదా. మూసి ఉంటే ఎలా చూస్తారు?"

మిసెస్ రొమానో చట్రం దగ్గరకి వెళ్ళింది. ముట్టుకోలేదు. చేతులు కోటు జేబుల్లో ఉన్నాయి, అక్కడే పిడికిళ్ళు అయ్యాయి. వాల్ట్ తలుపు దగ్గర నిలబడి నేలకేసి చూస్తున్నాడు. ఆమె పడిపోతే పట్టుకోవడానికి దైవాశీర్వాదం ఒక అడుగు ముందుకు వేశాడు.

"వాళ్ళు నాకు చూపించలేదు," అంది ఆమె. "అప్పట్లో అంతే. నిద్రమందు ఇచ్చారు. లేచేసరికి మంచం పక్కన ఏమీ లేదు. మర్చిపో అన్నారు. టోనీ చూశాడు. మా ఆయన. ఎవరో నర్సు ఫొటో తీసి అతనికిచ్చింది. ముప్పై నాలుగేళ్ళు జేబులో పెట్టుకు తిరిగాడు, నాకు ఒక్క మాట చెప్పలేదు వెధవ. అక్టోబర్లో పోయాడు. పర్సు ఖాళీ చేస్తుంటే దొరికింది." బొమ్మవైపు వంగింది. "టోనీ వాళ్ళమ్మ పోలికే."

ఆమె ముఖాన్ని బొమ్మకి ఇంకా దగ్గరగా పెట్టింది.

"కానీ నీలం కాదు," అంది.

"ఏమిటి?"

"కళ్ళు. మా ఇంట్లో, టోనీ వాళ్ళింట్లో, ఏడు తరాలు వెతికినా నీలం కళ్ళు దొరకవు. అన్నీ బ్రౌనే. నీలం కళ్ళ పిల్లని ఇంటికి తీసుకెళ్తే టోనీ సమాధిలోంచి లేచొచ్చి ఎవడే వాడు అని అడుగుతాడు." నవ్వింది. ఆ నవ్వు మధ్యలో దగ్గులా అయింది. "మార్చగలరా?"

"ఇప్పుడా?"

"నేను కూర్చుంటాను. ఇంట్లో నాకేం పని?"

వాల్ట్ దైవాశీర్వాదాన్ని చూశాడు. తరవాత ముందుగదిలోకి వెళ్ళి, పోట్రెయిటు దిగేవాళ్ళు కూర్చునే కుర్చీని మోసుకొచ్చి బల్ల పక్కన వేశాడు. ఆమె కోటు విప్పకుండానే కూర్చుంది.

దైవాశీర్వాదం కొత్త దూది పుల్ల తీసుకున్నాడు. టర్పెంటైన్‌లో కొస ముంచి, ఆరు వేళ్ళ పొడవైనా లేని ఆ ముఖంలో నీలాన్ని చుక్కలుచుక్కలుగా తీసేశాడు. కింద వేసిన గీత చెక్కుచెదరలేదు. తరవాత గోధుమరంగు ట్యూబు విప్పి, పింగాణీ పలకమీద పెసరగింజంత తీసుకుని, ఆమెవైపు తిరిగాడు.

"మీ కళ్ళు చూడాలి."

ఆమె చూడనిచ్చింది. ఈ దేశం వచ్చాక ఒక మనిషి ముఖంలోకి ఇంతసేపు చూడటం అతనికి ఇదే మొదటిసారి. ఎర్రబారిన రెప్పల మధ్య ముదురు గోధుమరంగు, లోపలి అంచున కొంచెం తేనె. అది అతనికి తెలిసిన రంగు. ఆకివీడు రంగు, నరసాపురం రంగు. నీలాన్ని ఎప్పుడూ కొలుచుకుంటూ కలిపేవాడు. దీన్ని కలపడానికి కొలత అక్కర్లేదు, ఇరవై మూడేళ్ళు చెయ్యి కలిపిన రంగే.

"మీకు పిల్లలున్నారా?" అని అడిగింది ఆమె, అతను కుంచె దిద్దుతుంటే.

"లేరు."

"మీ ఆవిడ?"

"ఆస్పత్రిలో పని. పిల్లలు పుట్టే వార్డు."

ఆమె తలూపింది. కుర్చీలో కొంచెం ముందుకు జరిగి అతని చేతినే చూస్తూ కూర్చుంది. బయట మంచు మళ్ళీ మొదలైంది. కిటికీ సగందాకా పేరుకుని ఉండడంవల్ల ఆ గదిలో వెలుతురు పల్చని పాలలా ఉంది.

చివర చుక్క పెట్టేముందు ఒకసారి ఆగాడు.

"ఇప్పుడు చూస్తుంది," అన్నాడు.

ఎడమ కంటికి ఒకటి. కుడి కంటికి ఒకటి.

మిసెస్ రొమానో పెద్దగా ఊపిరి తీసుకుంది. చాలాసేపటికి గాని వదలలేదు. "నన్నేనా?" అంది.

"మీరు ఎటు కూర్చుంటే అటు."

ఆమె నమ్మలేక లేచి ఎడమవైపు రెండడుగులు నడిచింది, మళ్ళీ కుడివైపు నడిచింది. అప్పుడు ఏడ్చింది. నవోమి చెప్పినట్టు కాదు, భీమవరం స్టూడియోలో ఏడ్చినవాళ్ళలాగే, నోరు తెరిచి, చప్పుడుగా. దైవాశీర్వాదం అక్కడ చేసినట్టే చేశాడు. మరోవైపు తిరిగి కుంచెలు కడుగుతూ నిలబడ్డాడు.

రెండు బొమ్మలూ కావాలంది. "అది టోనీ చూసిన పిల్ల. ఇది నా పిల్ల." తడివి కనుక ఒకదానిమీద ఒకటి పెట్టకూడదు. ఒకటి ఆమె పట్టుకుంది, ఒకటి వాల్ట్ అట్టపెట్టె మూతలో పెట్టి, మంచు పడకుండా పైన తన కోటు గొడుగులా పట్టుకుని కారుదాకా తీసుకెళ్ళాడు. గుమ్మం దగ్గర ఆమె వెనక్కి తిరిగి, "మీ పేరేమిటి?" అని అడిగింది.

చెప్పాడు. మొత్తం చెప్పాడు. ఆమె రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి దాదాపు సరిగ్గా పలికింది.

వాల్ట్ తిరిగొచ్చేసరికి దైవాశీర్వాదం కుంచెలన్నీ తుడిచి, పాత దినపత్రికలో చుట్టి, చుట్టకి రబ్బరు బాండు వేస్తున్నాడు. వాల్ట్ బూట్లు విదిలించుకుంటూ కాసేపు నిలబడ్డాడు.

"డేవ్, సోమవారం సంగతి..."

"తెలుసు."

"నేను చెప్పింది... పొద్దున. నాకేం తెలుసు, చెప్పు."

"నువ్వు చెప్పింది కరెక్టే వాల్ట్. అది ఇంకో బిడ్డే. నీలం కాదు."

వాల్ట్ నవ్వబోయి మానేశాడు. చెయ్యి చాపాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. తొమ్మిదేళ్ళలో మొదటిరోజు ఒకసారి కలుపుకున్నారు, ఇప్పుడు ఇంకోసారి.

ఆరు కాకముందే అతను బయలుదేరాడు. స్వెట్టర్లమీద కోటు వేసుకుని, ఏప్రాన్ మడతపెట్టి కుంచెల పొట్లంతోపాటు చంకన పెట్టుకున్నాడు. కారుమీద మంచు చేతులతోనే తుడిచాడు. ఇంజను రెండోసారికి అందుకుంది. కారు వెనక ఎర్రదీపాలు చెప్పుల దుకాణం మలుపుదాకా కనిపించి, తరవాత కనిపించలేదు. ఇంటిదగ్గర వరండా దీపం వెలిగించి వెళ్ళి ఉంటుంది నవోమి. ఆమె వచ్చేసరికి అతను నిద్రపోతాడు.

వెనకగదిలో బల్లమీద ఏమీ లేదు. బల్ల పక్కన, కొంచెం ముందుకు జరిపి ఉన్న ముందుగది కుర్చీ అలాగే ఉంది. దాని ఆకుపచ్చ రెక్సిన్‌మీద, కోటు అంచుల మంచు కరిగిన చోట, తడి ఇంకా మెరుస్తోంది.